అంజయ్యను చేతులు చాపమన్న రోజు

2022 వేసవి. మా ఆఫీసు మాదాపూర్‌లో ఒక అద్దాల భవనం ఆరో అంతస్తులో ఉండేది. మా ఎలుకలు మాత్రం బాలానగర్‌లో, ఒకప్పటి లేత్ మెషీన్ల షెడ్డును బాగుచేసి కట్టిన యానిమల్ హౌస్‌లో ఉండేవి. మందులు, టానిక్కులు, క్రీములు బజారులోకి వెళ్లే ముందు అవి ఒంటికి చేటు చేస్తాయా అని పరీక్షించి రిపోర్టు ఇవ్వడం మా సంస్థ పని. నేను అక్కడ స్టడీ డైరెక్టర్‌ని. అంటే పరీక్ష మొదలైన దగ్గర్నుంచి రిపోర్టు మీద సంతకం పడేదాకా మంచికీ చెడ్డకీ జవాబుదారీ నేనే. కాగితం మీద అలాగే ఉంటుంది. ఈ కేసులో చెడ్డ వచ్చినప్పుడు నేనేం చేశానో చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ మా పని గురించి రాయమన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఇదొక్కటే.

ఆ పరీక్ష పేరు యూటెరోట్రోఫిక్ అస్సే. పేరుకి భయపడక్కర్లేదు. ఆడవాళ్ల అండాశయాల నుంచి వచ్చే హార్మోన్ ఈస్ట్రోజెన్. అది రక్తంలో తిరుగుతూ గర్భసంచి కణాల్లోకి వెళ్తుంది. అక్కడ తన కోసమే ఉన్న ఒక ప్రోటీన్‌ని పట్టుకుంటుంది; దాన్ని రిసెప్టర్ అంటాం. ఆ రెండూ కలిసి కణం నడిమధ్యన ఉన్న డీఎన్ఏ మీద కొన్ని చోట్ల వెళ్లి కూర్చుంటాయి. అప్పటిదాకా ఊరికే ఉన్న కొన్ని జీన్లు పనిలోకి దిగుతాయి. వాటి నుంచి ఆర్ఎన్ఏ అనే నకలు తయారవుతుంది, ఆ నకలు చూసి కణం కొత్త ప్రోటీన్లు చేసుకుంటుంది. కొన్ని గంటల్లోనే గర్భసంచి నీరు పట్టి ఉబ్బుతుంది. ఒకటి రెండు రోజుల్లో ప్రోటీన్లు పెరిగి, కణాలు ఒకటి రెండై, నిజంగానే బరువెక్కుతుంది. ఆర్ఎన్ఏ తయారవకుండా అడ్డుపడే మందును ముందే ఇచ్చేస్తే ఆ తర్వాత హార్మోన్ ఇచ్చినా ఈ పెరుగుదల కనబడదు. కథంతా జీన్ దగ్గరే మొదలవుతుందన్నమాట.

ఈడు రాని ఎలుక పిల్లకి సొంత ఈస్ట్రోజెన్ దాదాపు ఉండదు. దాని గర్భసంచి ఒకటి రెండు బియ్యపు గింజల బరువుంటుంది, అంతే. అలాంటి పిల్లలకి పరీక్షించాల్సిన పదార్థాన్ని మూడు రోజులు ఇచ్చి, నాలుగో రోజు చంపి, గర్భసంచి తీసి తూస్తాం. ఒక గుంపుకి ఏ పదార్థమూ కలపని ఉత్త నూనె ఇస్తాం. దాన్ని కంట్రోల్ అంటారు. కంట్రోల్ గుంపు కంటే మిగతావాటి గర్భసంచి బరువు ఎక్కువని తేలితే ఆ పదార్థానికి ఈస్ట్రోజెన్ గుణం ఉన్నట్టు.

అప్పుడు మా దగ్గరికి వచ్చింది ఆడవాళ్ల నీరసానికి మూలికలతో చేసే ఒక టానిక్. దాని తాలూకు పెద్దమనిషి మాదాపూర్ వచ్చి నా ఎదురుగా కూర్చుని, "మా దాంట్లో హార్మోన్ గుణం లేదని ఒక్క ముక్క రాసివ్వండి మేడమ్ గారూ, మాకదే చాలండి" అన్నాడు. రాసివ్వడం కాదు, పరీక్ష ఏం చెబితే అది రాస్తామని నేను పెద్ద ఠీవిగా చెప్పాను. ఆ టానిక్ తాగేవాళ్లలో రొమ్ము క్యాన్సర్‌కి వైద్యం చేయించుకున్నవాళ్లు కూడా ఉండొచ్చు. అలాంటివాళ్లకి తెలియకుండా ఈస్ట్రోజెన్ గుణం లోపలికి పోకూడదు. ఆ ఎరుక నాకు బాగానే ఉండేది.

గర్భసంచి తీసే పని అంజయ్యది. యాభై దాటిన మనిషి, నార్సింగి నుంచి రెండు బస్సులు మారి వచ్చేవాడు. మొదట బోన్లు శుభ్రం చేయడానికి, మేత వేయడానికి చేరాడట. నాకంటే ముందున్న సైంటిస్టు ఒకాయన అతని చేతి పనితనం చూసి కోత పని కూడా నేర్పాడు; మేత వేయడం మాత్రం అతను మానలేదు. ఎలుక పిల్ల గర్భసంచి రెండు కొమ్ములున్న సన్నటి దారంలా ఉంటుంది, చుట్టూ కొవ్వు పట్టుకుని ఉంటుంది. కొవ్వు మిగిలితే బరువు ఎక్కువ చూపిస్తుంది. కొవ్వు తీయబోయి పొరకి చిల్లు పడితే లోపలి నీరు కారిపోయి బరువు తక్కువ చూపిస్తుంది. భూతద్దం కింద అంజయ్య ఆ పని చేస్తుంటే చూడటం నాకు ఇష్టం. పీహెచ్‌డీ చేసిన నేను అదే పని చేయబోతే సగం పాడుచేసేదాన్ని. అతను నాకంటే పదేళ్లు పెద్ద. అయినా నేను అతన్ని పేరు పెట్టి, నువ్వు అనే పిలిచేదాన్ని. మా తెనాలి వైపు మాకంటే పెద్దవాళ్లని అలా పిలిస్తే మా అమ్మ ఊరుకునేది కాదు. బాలానగర్ షెడ్డులో ఆ సంగతి నాకు ఏనాడూ గుర్తు రాలేదు.

ఫలితాలు వచ్చాయి. టానిక్ ఇచ్చిన గుంపులకీ కంట్రోల్‌కీ తేడా లేదు. టానిక్ కంపెనీ కోరుకున్న ముక్క చేతికి వచ్చేసినట్టే. కానీ మా సంస్థలో క్వాలిటీ అస్యూరెన్స్ చూసే రవీంద్ర గారు అడ్డం పడ్డారు. మేం రాసిన ప్రతి అంకెనీ పాత అంకెలతో పోల్చి చూడటం ఆయన ఉద్యోగం. ఇంతకు ముందు ఎన్నో పరీక్షల్లో మా కంట్రోల్ గర్భసంచులు ఏ బరువులో ఉండేవో, ఈసారి వాటికంటే చాలా ఎక్కువ ఉన్నాయని, కారణం తేల్చి రాస్తే తప్ప రిపోర్టు కదలదని చెప్పారు. కంట్రోలే బరువెక్కి కూర్చుంటే టానిక్ వల్ల వచ్చే పెరుగుదల అందులో కలిసిపోతుంది కదా అన్నది ఆయన అనుమానం. నిజమే. నాకు ఒక కారణం కావాలి, తొందరగా కావాలి.

మర్నాడు పొద్దున్నే బాలానగర్ వెళ్లాను. కోత గదిలో ఆరేడుగురు ఉన్నారు. అందరి ముందే అడిగాను.

"అంజయ్యా, కంట్రోల్ వాటికి కొవ్వు సరిగ్గా తియ్యలేదా?"

"తీసిన మేడం. అన్నిటికి తీసినట్లే తీసిన. అది కొవ్వు కాదు, గర్భసంచే లావున్నది."

నూనె తప్ప ఇంకేమీ ఇవ్వని ఎలుకకి గర్భసంచి ఎందుకు లావవుతుందని అడిగాను.

"దానా మారినసంది జర వేరేగ అనిపిస్తున్నది మేడం. స్టడీల తీసుకోంగ ఆడపిల్లలు మిగిలినయ్ కద, అవి ఎప్పటికంటె ముందుగాల ఈడుకొస్తున్నయ్. నాలుగైదు రోజులు ముందుగాల."

నేను నవ్వాను. సాకు చెబుతున్నాడని అక్కడున్న వాళ్లందరికీ అనిపించేలా నవ్వాను. మేత వేసే మనిషి నాకు హార్మోన్ల గురించి చెప్పడమేమిటన్నది ఆ నవ్వులో ఉంది, అది అతనికీ అర్థమైంది. ఆ తర్వాత నేనన్న మాట ఇది.

"చేతులు చాపు."

అతనికి మొదట అర్థం కాలేదు. మళ్లీ అన్నాను. గ్లౌజులు తీసి, రెండు చేతులూ ముందుకు చాపాడు. వేళ్లు కొంచెం వణికాయి. ఆరేడుగురి మధ్య నిలబెట్టి చూస్తుంటే ఎవరి వేళ్లయినా వణుకుతాయి. నా చేతులు చాపమని ఎవరైనా అని ఉంటే నావి ఇంకా ఎక్కువ వణికేవి. నేను మాత్రం నోట్‌బుక్ తీసి రాసుకున్నాను. ఆ సాయంత్రమే డీవియేషన్ రిపోర్ట్‌లో, అంటే పరీక్షలో ఏం తేడా జరిగింది, ఎందుకు జరిగింది అని రాసే కాగితంలో, కారణం కింద ఇలా రాశాను: కోత చేసే వ్యక్తి చేతి నిలకడలో లోపం, కొవ్వు పూర్తిగా తొలగించకపోవడం.

అంజయ్యని కోత గది నుంచి తీసి బోన్లు కడిగే చోట వేశారు. పన్నెండేళ్ల కింద చేరినప్పుడు చేసిన పనే మళ్లీ. అక్కడ ఎవరో చేతుల వణుకు మీద వేళాకోళం ఆడుతున్నారని నా చెవిన పడింది, నేను పట్టించుకోలేదు. మూడు వారాల తర్వాత రావడం మానేశాడు. రాజీనామా ఇచ్చాడని హెచ్‌ఆర్ వాళ్లు చెప్పారు. ఎందుకని నేను అడగలేదు. అడగకపోవడం ఎంత హాయిగా ఉండిందో ఇప్పటికీ గుర్తుంది.

పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేశాం. ఇంకో ల్యాబ్ నుంచి చేయి తిరిగిన టెక్నీషియన్‌ని పిలిపించాం. కొత్త పిల్లలు, కొత్త చేతులు. కంట్రోల్ గర్భసంచులు మళ్లీ లావుగానే వచ్చాయి. ఈసారి నిందించడానికి అంజయ్య లేడు.

అప్పుడు రవీంద్ర గారే అడిగారు. రెండు పరీక్షల్లోనూ తూచాక ఫ్రీజర్‌లో దాచిన గర్భసంచులు ఉన్నాయి కదండీ, వాటి జీన్లు చూడకూడదా అని. చూడొచ్చు. ఆ పని ముందే చేయాల్సింది నేను. ఎలుక గర్భసంచిలో సీ3 అనే జీన్ ఒకటి ఉంది, ఈస్ట్రోజెన్ తగిలితే అది బాగా పనిలోకి దిగుతుంది. దాని ఆర్ఎన్ఏ ఎంత తయారైందో పీసీఆర్ అనే యంత్రంతో లెక్కపెట్టొచ్చు. ఇక్కడ ఒక చిన్న తర్కం ఉంది, మొత్తం కేసు దాని మీదే తేలింది. అంటుకున్న కొవ్వు గర్భసంచి బరువు పెంచగలదు. కానీ సీ3 జీన్‌ని లేపలేదు. అంజయ్య కొవ్వు వదిలేసి ఉంటే బరువు ఎక్కువుండాలి, జీన్ మాత్రం నిద్రలోనే ఉండాలి.

మాదాపూర్ ల్యాబ్‌లో మధ్యాహ్నం రెండు గంటలకి యంత్రం పని పూర్తిచేసింది. తెర మీద గీతలు చూస్తూ కూర్చున్నాను. అంజయ్య కోసిన కంట్రోల్ గర్భసంచులన్నిటిలోనూ ఆ జీన్ పూర్తిగా మేలుకుని ఉంది. రెండోసారి వాటిలోనూ అంతే. గర్భసంచే లావున్నదని అతనన్న మాట అక్షరాలా నిజం. ఆ పిల్లలకి మేం ఇవ్వని ఈస్ట్రోజెన్ గుణం ఎక్కడి నుంచో అందింది. తల్లులూ పిల్లలూ అందరూ తిన్నది ఒక్కటే. ఫీడ్. అంజయ్య దానా అన్నది దాన్నే.

ఫైలు తెరిచాను. పరీక్షకి కొన్ని నెలల ముందు మా మామూలు ఫీడ్, పాల ప్రోటీన్‌తో చేసేది, రావడం ఆలస్యమైంది. స్టోర్ చూసే ఆయన వేరే కంపెనీ బస్తా ఫోటో తీసి నా ఫోన్‌కి పంపాడు, ఇది పర్వాలేదా మేడం అని. నేను ఓకే అని జవాబిచ్చాను. సైబర్ టవర్స్ దగ్గర ట్రాఫిక్‌లో క్యాబ్‌లో ఉండి, ప్రోటీన్ శాతం ఒక్కటి చూసి ఇచ్చిన జవాబు అది. బస్తా మీద రెండో వరుసలోనే సోయా అని ఉంది. సోయాలో ఉండే పదార్థాలు ఈస్ట్రోజెన్ కూర్చునే రిసెప్టర్ మీదే కూర్చుని, అవే జీన్లని లేపగలవు. ఈ సంగతి కొత్తగా చేరినవాళ్లకి ప్రతి ఏడూ బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పేది నేనే. ఆ పరీక్ష ప్రణాళికలో సోయా లేని ఫీడ్ మాత్రమే వాడాలని రాసింది కూడా నేనే. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పైవాళ్లకి చెప్పాను. పాత ఫీడ్ తెప్పించి, ఆ ఫీడ్ తిన్న తల్లులకి పుట్టిన పిల్లలతో మూడోసారి చేశాం. కంట్రోల్ బరువులు ఎప్పటి చోటికి దిగాయి. టానిక్ ఎక్కువ మోతాదులో ఇచ్చిన గుంపుకి గర్భసంచి బరువు స్పష్టంగా పెరిగింది. హార్మోన్ గుణం ఉంది. మొదటిసారే రవీంద్ర గారు ఆపకపోయి ఉంటే లేదని రాసిన కాగితం నా సంతకంతో బయటికి వెళ్లేది. టానిక్ పెద్దమనిషి రిపోర్టు తీసుకుని, మొదటి పరీక్షలో తేడా లేదని ఇందులోనే ఉంది కదండీ అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

ఇక మిగిలింది డీవియేషన్ రిపోర్ట్. మా పనిలో రాసింది చెరపకూడదు. తప్పు మాట మీద ఒకే ఒక్క గీత గీయాలి, కింద ఉన్నది చదవడానికి వీలుండాలి, పక్కన తేదీ, సంతకం, దిద్దిన కారణం రాయాలి. అంజయ్య చేతుల గురించి రాసిన వాక్యం మీద గీత గీసి, కారణం దగ్గర ఫీడ్ సరఫరాలో మార్పు అని రాశాను. చదివినవాళ్లకి ఎవరో సప్లయర్ తప్పులా ఉంటుంది ఆ మాట. రవీంద్ర గారికి అది చాలు. నాకే రెండు రోజులు మింగుడు పడలేదు. మూడో రోజు దాని మీదా గీత గీసి, సోయా ఉన్న ఫీడ్‌ని స్టడీ డైరెక్టర్ చూడకుండా ఆమోదించడం అని రాసి సంతకం పెట్టాను. ఇప్పుడు ఆ పేజీలో మూడు వాక్యాలూ కనిపిస్తాయి.

తర్వాత ఒక శనివారం నార్సింగి వెళ్లాను. అంజయ్య ఒక విల్లాల కాలనీలో తోటపని చేస్తున్నాడు. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు కబురు చేస్తే, చేతిలో పైపు ఉండగానే వచ్చాడు. అంజయ్య గారూ అని పిలిచాను. ఆ పిలుపుకి ఆయన కంగారుపడి అటూ ఇటూ చూశాడు. జరిగిందంతా చెప్పాను. ఫీడ్ సంగతి, జీన్ సంగతి, కాగితంలో దిద్దిన సంగతి. అందరి ముందూ అలా చేయించడం నా తప్పని, క్షమించమని అడిగాను. తిరిగి కోత పనికి రమ్మన్నాను, పైవాళ్లతో మాట్లాడే వచ్చానని చెప్పాను.

"వద్దు మేడం. ఈడ మంచిగనే ఉన్నది."

కోపం లేదు ఆ గొంతులో. ఆయన తిడితే పడదామని దారంతా సిద్ధపడి వచ్చాను, ఆ అవసరం రాలేదు. పైపు కింద పెట్టి ఆయన ఇంకొకటి అడిగాడు.

"మరి రెండుసార్లు కోసినం కద మేడం. ఆ ఎలుకలన్ని ఉత్తగనే పోయినట్టేనా?"

అవునన్నాను. క్షమాపణ కోసం నేను కూడదీసుకున్న మాటల్లో ఆ ఎలుకలు ఎక్కడా లేవు. వాటి సంఖ్య రిపోర్టులో రాశాను, అంతే. పుట్టిన రోజు నుంచీ వాటికి మేత వేసి, నాలుగో వారం దాటకముందే మొదటి గుంపుని తన చేత్తో కోసిన మనిషి ఆయన.

"మొదటివైతె తెల్వక జేసినం. నేను దానా సంగతి చెప్పినప్పుడు ఆపితె రెండోసారివి బతుకుతుండె. మీకప్పుడు తట్టలేదా మేడం?"

"తట్టలేదు" అన్నాను.

ఆయన తలూపి, మొక్కలకి నీళ్లు పెట్టడానికి లోపలికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత మా పద్ధతులు మార్చాం. ఇప్పుడు ప్రతి పరీక్షకి ముందూ బాలానగర్ వెళ్లి, మేత వేసేవాళ్లనీ బోన్లు కడిగేవాళ్లనీ ఏం తేడా కనిపిస్తోందని అడిగి, వాళ్ల మాటల్లోనే, వాళ్ల పేర్లతోనే రాయించుకుంటున్నాం. ఈ కేసు ఏం నేర్పిందని ఎవరైనా అడిగితే ఇన్నాళ్లూ ఇదే చెబుతూ వచ్చాను, విన్నవాళ్లు మెచ్చుకున్నారు కూడా.

కానీ నేను అంజయ్య గారికి అబద్ధం చెప్పాను. ఆ రోజు కోత గదిలో ఆయన నోట దానా అన్న మాట రాగానే నా ఫోన్‌లో చూసిన బస్తా ఫోటో కళ్ల ముందు కదిలింది. ఒక్క క్షణమే అయినా కదిలింది. వెంటనే నవ్వాను, వెంటనే చేతులు చాపమన్నాను. రెండోసారి పరీక్షకి ఫీడ్ మార్చమని చెప్పడానికి కూడా నోరు రాలేదు, మార్చమంటే ఎందుకని అడుగుతారు కదా. అది కాదేమోనని ఆశపడుతూ, ఇంకో గుంపు ఎలుకల్ని చంపించాను. నా తప్పు ఎక్కడ బయటపడుతుందోనన్న భయం వేస్తే నేను ఎంత తొందరగా పక్కవాడి చేతుల వైపు చూస్తానో ఈ కేసు నాకు నేర్పింది. ఈ మాట మొదట చెప్పాల్సింది నార్సింగిలో, ఆయన అడిగినప్పుడు. ఆయనకి ఇంకా చెప్పలేదు.